చెడ్డ డేటా వల్ల స్క్రీన్ ఆగిపోయినప్పుడు: ఐబీఎం ఐ ప్రోగ్రాముల్లో లోపాన్ని వెతికి సరిచేసే విధానం

బెంగళూరులోని వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో ప్రొడక్షన్ సపోర్ట్ చేసే తెలుగువారిలో చాలామందికి ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లోనే ఎదురయ్యే సిస్టం ఐబీఎం ఐ. 1988లో ఏఎస్/400 పేరుతో వచ్చిన ఈ సిస్టం మీద గోడౌన్ లెక్కలు, బిల్లింగ్, బీమా పాలసీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. కాలేజీలో దీని పేరు కూడా విననివారికి పచ్చ అక్షరాల స్క్రీన్ కొంత బెరుకు కలిగిస్తుంది. ఆ స్క్రీన్ ఉన్నట్టుండి ఆగిపోయి ఒక కోడ్ నంబరు చూపించిందంటే బెరుకు రెట్టింపవుతుంది. ఆర్‌పీజీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాం ఒకటి ఏళ్ల తరబడి సక్రమంగా నడిచి, ఫలానా కస్టమర్‌ను తెరిచినప్పుడు మాత్రమే పడిపోతున్నదంటే, తొంభై పాళ్లు తప్పు ప్రోగ్రాంలోనూ తెరలోనూ ఉండదు, ఆ రికార్డులోని ఏదో ఒక బైట్‌లో ఉంటుంది. ఆ బైట్‌ను ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

సర్వర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయమని సలహా ఇచ్చేవారు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. అన్నంలో రాయి పంటికి తగిలినప్పుడు పళ్లెం మార్చడం లాంటిదే అది. యూజర్ మళ్లీ అదే కస్టమర్ నంబరు కొట్టగానే స్క్రీన్ మళ్లీ ఆగుతుంది.

ముందుగా లోపం ఏ జాతికి చెందినదో తేల్చుకోండి

చెడ్డ డేటా వల్ల వచ్చే స్క్రీన్ లోపాలు ప్రధానంగా రెండు జాతులు. మొదటిది అక్షరాల ఫీల్డ్‌లో తెర అర్థం చేసుకోలేని బైట్ దూరడం. అప్పుడు సెషన్ లేదా డివైస్ లోపం అని సందేశం వస్తుంది. జాబ్‌లాగ్‌లో (ఆ జాబ్‌కు వచ్చిన సందేశాల చిట్టా) సీపీఎఫ్ 5192, ఆర్‌పీజీ వైపు స్టేటస్ కోడ్ 1255 లేదా 1251 కనిపిస్తాయి. రెండవది అంకెల ఫీల్డ్‌లో అంకె కానిది ఉండడం. అప్పుడు డెసిమల్ డేటా ఎర్రర్ వస్తుంది. దాని గుర్తులు ఎంసీహెచ్ 1202, స్టేటస్ 907. తేదీల గొడవ రెండవ జాతికి దగ్గరి చుట్టం. తేదీ చెల్లకపోతే స్టేటస్ 112 వస్తుంది. తేదీ చెల్లినా స్క్రీన్ అడిగిన రూపంలో ఇమడకపోతే 114 వస్తుంది. రెండంకెల సంవత్సరంతో చూపే తేదీ ఫార్మాట్లు 1940 నుంచి 2039 వరకే పట్టుకోగలవు కాబట్టి, ఖాళీకి బదులుగా ఎవరో 0001 జనవరి 1 అని నింపిన రికార్డు అలాంటి స్క్రీన్ మీద తప్పక ఇరుక్కుంటుంది.

వీటికి తోడు, ఏ సందేశమూ ఇవ్వని మూడవ రకం కూడా ఉంది. స్క్రీన్ ఆగదు. పేరులో సగం మాయమవుతుంది, లేదా చిరునామా మధ్యలో నుంచి రంగు తిరగబడి గీతలతో కనిపిస్తుంది. యూజర్లు దీన్ని ఎమ్యులేటర్ (పీసీ మీద ఈ పచ్చ తెరను చూపే సాఫ్ట్‌వేర్) జబ్బు అనుకుని నెలల తరబడి ఊరుకుంటారు. వైద్యం దృష్టితో చూస్తే ఇది మొదటి జాతిదే.

సి నొక్కవద్దని యూజర్‌కు చెప్పండి

పీణ్య గోడౌన్ నుంచి యూజర్ ఫోన్ చేసి "సార్, స్క్రీన్ పోయింది, సి కొట్టి బయటికి వచ్చేశాను" అంటే మీ ఆధారంలో సగం అప్పటికే పోయినట్టు. ప్రోగ్రాం ఆగి ప్రశ్న అడిగినప్పుడు వచ్చే జవాబుల్లో సి అంటే రద్దు, డి అంటే డంప్ తీసి రద్దు. డి నొక్కితే ఆ క్షణంలో ఏ ఫీల్డ్‌లో ఏముందో, ప్రోగ్రాం ఏ లైన్ మీద ఆగిందో మొత్తం క్యూపీపీజీఎండీఎంపీ అనే స్పూల్ ఫైలులోకి (ప్రింటు కోసం ఉంచే ఫైలు) చేరుతుంది. ఈ సంగతి యూజర్లందరికీ ఒకసారి మెయిల్‌లో చెప్పి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే రద్దీ వేళలో ఎవరూ డి వెతుక్కోరు. పై సందేశాలకు సిస్టం రిప్లై లిస్ట్‌లోనే (సందేశాలకు సిస్టం తానే ఇచ్చే జవాబుల జాబితా) డి అని జవాబు నమోదు చేయించి, ఆ జాబ్‌లు రిప్లై లిస్ట్‌ను వాడేలా పెట్టించడం నయం. డీబగ్ వ్యూ లేకుండా కంపైల్ చేసిన ప్రోగ్రాం అయితే డంప్‌లో ఫీల్డుల విలువలు రావు. అలాంటప్పుడు లైన్ నంబరుతోనే సరిపెట్టుకోవాలి.

యూజర్ ఇంకా ఆ సందేశం ముందే ఉంటే ఏమీ నొక్కవద్దని చెప్పి, మీరు వర్క్ యాక్టివ్ జాబ్స్ తెరపై అతని జాబ్‌ను 5తో తెరిచి, 10వ ఆప్షన్‌తో జాబ్‌లాగ్ చూడండి. ఎఫ్10 నొక్కి వివరమైన సందేశాలన్నీ తెప్పించుకోండి. చివరి సందేశం దగ్గరే ఆగిపోకండి. అసలు కారణం సాధారణంగా దానికి రెండు మూడు వరుసల పైన ఉంటుంది, చివరిది ఆర్‌పీజీ తన మాటల్లో తిరిగి చెప్పినది మాత్రమే. సందేశం మీద కర్సర్ పెట్టి ఎఫ్1, ఆ తర్వాత ఎఫ్9 నొక్కితే అది ఏ ప్రోగ్రాం నుంచి, ఏ స్థానం నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక్కడ కొత్తవారిని దారి తప్పించే విషయం ఒకటి ఉంది. స్క్రీన్ రూపాన్ని నిర్వచించే డిస్‌ప్లే ఫైళ్లలో రాతను వాయిదా వేసే డీఎఫ్ఆర్‌డబ్ల్యూఆర్‌టీ అనే లక్షణం మామూలుగా అమలులోనే ఉంటుంది. ప్రోగ్రాం రైట్ అన్న చోట డేటా తెరకు వెళ్లకుండా, తర్వాతి రీడ్ దగ్గర అంతా కలిపి వెళ్తుంది. అందువల్ల తప్పు ఒక ఫార్మాట్‌ది, నింద మరొక లైన్‌ది అవుతుంది. డంప్ చూపించిన లైన్‌లో అనుమానించదగినది ఏదీ లేకపోతే, టెస్ట్ లైబ్రరీలోని డిస్‌ప్లే ఫైలుకు మాత్రం ఆ లక్షణాన్ని వద్దు అని మార్చి మళ్లీ నడపండి. లోపం ఉన్న రైట్ దగ్గరే ప్రోగ్రాం ఆగుతుంది.

ఏ రికార్డో పట్టుకోండి

ఒకే కస్టమర్‌ను చూపే స్క్రీన్ అయితే పని తేలిక. సబ్‌ఫైల్, అంటే పేజీలుగా చూపే జాబితా అయితే మొదటి రెండు పేజీలు బాగానే వచ్చి, పేజ్ డౌన్ నొక్కగానే మూడవ పేజీ దగ్గర పడిపోతుంది. చెడ్డ రికార్డు ఆ పేజీలో కనిపించాల్సిన వాటిలో ఒకటి అన్నమాట. అదే వరుస క్రమంలో ఎస్‌క్యూఎల్‌తో ఆ పేజీ రికార్డులను తీసుకుని, ప్రతిదానికీ రిలేటివ్ రికార్డ్ నంబరును (ఫైలులో ఆ రికార్డు వరుస సంఖ్య) ఆర్‌ఆర్‌ఎన్ ఫంక్షన్‌తో రాబట్టుకోండి. ఈ నంబరును కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఇక ముందు ప్రతి అడుగుకూ ఇదే అవసరం. కీ ఫీల్డే పాడై ఉన్న సందర్భాల్లో రికార్డును చేరుకోవడానికి ఇది తప్ప దారి ఉండదు.

హెక్స్‌లో చూడండి

కంటికి ఖాళీగా కనిపించేది ఖాళీయే అని నమ్మకపోవడం ఈ పనిలో మొదటి అలవాటు కావాలి. ఈ యంత్రం అక్షరాలను ఎబ్‌సిడిక్ అనే కోడ్ పద్ధతిలో దాస్తుంది. అందులో ఖాళీకి హెక్స్ (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకూ పదహారు గుర్తులతో రాసే లెక్క) విలువ 40. పెద్ద బడి ఆంగ్ల అక్షరాలు సి1 దగ్గర మొదలవుతాయి, అంకెలు ఎఫ్0 నుంచి ఎఫ్9 వరకూ ఉంటాయి. 40కి దిగువన, అంటే 00 నుంచి 3ఎఫ్ వరకూ ఉన్న 64 విలువలు చదవడానికి ఉద్దేశించిన అక్షరాలు కావు. స్క్రీన్ గొడవలన్నీ అక్కడే పుడతాయి.

ఈ 64 విలువలను తెర రెండు రకాలుగా చూస్తుంది. 20 నుంచి 3ఎఫ్ వరకూ ఉన్నవి 5250 తెరకు (ఈ పచ్చ తెర రకం పేరు) రంగు, మెరుపు, గీత వంటి లక్షణాలను చెప్పే బైట్లు. 20 అంటే మామూలు పచ్చ, 22 అంటే తెలుపు, 28 అంటే ఎరుపు. 27 వస్తే ఆ తర్వాత వచ్చేది అసలు కనిపించదు. 20కి దిగువన ఉన్నవి ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అవి తెరకు ఆజ్ఞలు. ఉదాహరణకు 11 అనే బైట్ వస్తే తెర తర్వాతి రెండు బైట్లను వరుస, నిలువు స్థానాలుగా చదువుతుంది. అక్కడ ఉన్నది కస్టమర్ పేరులోని రెండు అక్షరాలైతే ఏ 24 వరుసల తెర మీదా లేని స్థానానికి వెళ్లమన్నట్టవుతుంది, తెర దాన్ని తిరస్కరిస్తుంది, మీకు సెషన్ లోపం వస్తుంది. 00 మాత్రం హాని చేయదు, తెర దాన్ని ఖాళీగా చూపిస్తుంది. ఎమ్యులేటర్లన్నీ ఒకేలా ప్రవర్తించవు కాబట్టి, ఒక యూజర్ దగ్గర పడిపోయిన స్క్రీన్ పక్క సీటులో ఖాళీ గడి చూపి ఊరుకోవచ్చు. "నా దగ్గర బాగానే వస్తోంది" అని టికెట్ మూసేయడానికి అది కారణం కాకూడదు.

రికార్డును హెక్స్‌లో చూడడానికి డిస్‌ప్లే ఫిజికల్ ఫైల్ మెంబర్ కమాండ్ ఇచ్చి ఎఫ్10 నొక్కండి. పొడవైన రికార్డు అయితే ఎఫ్19, ఎఫ్20లతో ఎడమకూ కుడికీ జరుపుకోవచ్చు. ఫీల్డ్ ఏదో తెలిస్తే ఎస్‌క్యూఎల్‌లో హెక్స్ ఫంక్షన్ ఇంకా సుఖం. డీబగ్గర్‌లో ఉంటే ఇవాల్ కమాండ్‌లో ఫీల్డ్ పేరు తర్వాత కోలన్, ఎక్స్, పొడవు ఇస్తే అక్కడే బైట్లు కనిపిస్తాయి.

ఇప్పుడు మన చుట్టూ నిజంగా కనిపించే బైట్ల సంగతి చెప్పాలి. బెంగళూరు చిరునామాలు పొడవు: ఇంటి నంబరు, క్రాస్, మెయిన్, బ్లాక్, స్టేజ్, ఆపైన ఏ గుడి ఎదురుగానో. ఎక్సెల్‌లో టైప్ చేసేవారు అదంతా ఒకే గడిలో ఇమడాలని ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కి రెండు వరుసలు చేస్తారు. ఆ వరుస మార్పు గుర్తు ఎబ్‌సిడిక్‌లోకి వచ్చేసరికి 25 అవుతుంది. 25 అంటే తెర దృష్టిలో రంగు తిరగబడి, అడుగున గీత గీయడం. చిరునామా రెండవ సగం పచ్చ పట్టీలా కనిపిస్తోందని యూజర్ చెబితే మీరు ఫైలు తెరవకుండానే ఎక్సెల్‌ను అనుమానించవచ్చు. ట్యాబ్ గుర్తు అయితే 05గా మారుతుంది. అది 20కి దిగువన ఉంది కాబట్టి స్క్రీన్ పడిపోయే అవకాశం ఎక్కువ.

రూపాయి గుర్తు మరీ ఆసక్తికరం. 2010లో ఆమోదం పొందిన ఆ గుర్తు అంతకు ఎంతో ముందే స్థిరపడిన సీసీఎస్ఐడీ 37 అనే ఎబ్‌సిడిక్ అక్షరాల పట్టికలో లేదు. పట్టికలో లేని ప్రతి అక్షరమూ మార్పిడిలో 3ఎఫ్ అవుతుంది. తెర భాషలో 3ఎఫ్ కూడా అక్షరాలను దాచిపెట్టే లక్షణాల్లో ఒకటి. అంటే రిమార్క్స్ ఫీల్డ్‌లో రూపాయి గుర్తు పెట్టి మొత్తం రాస్తే, గుర్తుతో పాటు దాని వెనుక ఉన్న అంకెలు కూడా ఫీల్డ్ చివరి వరకూ మాయమవుతాయి. మొబైల్ యాప్‌లో ఎవరైనా తమ పేరును తెలుగులో టైప్ చేస్తే అక్షరం అక్షరమూ 3ఎఫ్ అయి, పేరు గడి మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. అసలు అక్షరాలు ఆ మార్పిడిలోనే పోయాయి కాబట్టి ఈ ఫైలు నుంచి వాటిని తిరిగి తేలేము, పంపిన చోటి నుంచే తెప్పించుకోవాలి.

జీఎస్‌టీ నంబరుది వేరే కథ. కర్ణాటక అయితే 29తో, తమిళనాడు అయితే 33తో మొదలయ్యే ఆ 15 అక్షరాలను వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వెనుక ఒక విడదీయరాని ఖాళీ అతుక్కుని వస్తుంది. అది ఇక్కడ 41 అవుతుంది. 40కి పైన ఉంది కాబట్టి తెరకు ఇబ్బంది లేదు, స్క్రీన్ ఆగదు. కానీ ఆ నంబరుతో వెతికితే రికార్డు దొరకదు. 40కి దిగువవి మాత్రమే వెతికే మీ క్వెరీకి ఇది చిక్కదని గుర్తుంచుకోండి.

ఒక్క రికార్డుతో ఆగకుండా ఫైలంతా గాలించాలంటే, ఎస్‌క్యూఎల్‌లో ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో ఆ 64 విలువలనూ ఖాళీలుగా మార్చిన రూపాన్ని అసలు ఫీల్డ్‌తో పోల్చి, రెండూ సమానం కాని రికార్డుల ఆర్‌ఆర్‌ఎన్, హెక్స్ విలువలను అడగండి. సాధారణంగా ఫోన్ వచ్చింది ఒక్క రికార్డు గురించే అయినా ఫైలులో అలాంటివి వందల్లో బయటపడతాయి.

అంకెల ఫీల్డులు

ప్యాక్డ్ ఫీల్డ్‌లో బైట్‌కు రెండు అంకెలు ఉంటాయి, చివరి సగం బైట్ మాత్రం ధన, రుణ గుర్తు. 123.45 అనే మొత్తం 12 34 5ఎఫ్ అని ఉంటుంది, రుణ సంఖ్య అయితే చివర 5డి. ఇదే ఫీల్డ్‌లో ఖాళీలు దూరితే 40 40 40 అవుతుంది. చివరి సగం సున్నా, అది ఏ గుర్తూ కాదు, కాబట్టి 907. వెతికేటప్పుడు హెక్స్ విలువలో చివరి అక్షరం ఏ నుంచి ఎఫ్ వరకూ ఉన్న ఆరింటిలో ఒకటి కాని రికార్డులను, చివరిది తప్ప మిగతా చోట్ల అక్షరాలు ఉన్న రికార్డులను అడిగితే చాలు. ఎస్‌క్యూఎల్ ఫలితాల్లో అంకెల బదులు కూడిక గుర్తుల వరుస కనిపించినా అర్థం ఇదే.

డీడీఎస్ అనే పాత ఫైల్ వివరణ భాషతో చేసిన ఫైళ్లు రాసేటప్పుడు అంకెలను తనిఖీ చేయవు, చదివేటప్పుడే గోల చేస్తాయి. ఎస్‌క్యూఎల్‌తో చేసిన టేబుళ్లు రాసేటప్పుడే అడ్డుకుంటాయి. అందుకే చెత్త లోడ్ అయిన రోజు ఎవరికీ ఏమీ తెలియదు, నెల చివర స్టేట్‌మెంట్ స్క్రీన్ తెరిచినప్పుడు బయటపడుతుంది. ఫైలులోకి చెత్తను చేర్చే దారుల్లో ముందు అనుమానించాల్సింది, ఫార్మాట్ పోల్చకుండా కాపీ చేసే నోచెక్ ఆప్షన్. మార్పిడి లేకుండా బైనరీ పద్ధతిలో చేసిన ఎఫ్‌టీపీ దాని తర్వాతిది.

ఫైలులో డేటా శుభ్రంగానే ఉంటే

అప్పుడు చెత్త ప్రోగ్రాం లోపల పుట్టిందన్నమాట. మూడు చోట్ల చూడండి. పిలిచిన ప్రోగ్రాం 10 అక్షరాల పారామీటర్ పంపి, పిలవబడినది 20గా ప్రకటించుకుంటే, మిగతా 10 అక్షరాలూ పక్కనున్న జ్ఞాపకంలోని ఏవో బైట్లు. అవి ఒకరోజు ఖాళీలు, మరొక రోజు ఆజ్ఞలు. కమాండ్ లైన్ నుంచి పిలిచి పరీక్షించేటప్పుడు అంకెలు 15, 5 ప్యాక్డ్‌గా (మొత్తం 15 అంకెలు, అందులో 5 దశాంశాలు) వెళ్తాయన్నది మరచి, లేని లోపాన్ని సృష్టించుకోవడం కూడా ఈ కోవలోదే. రెండవది, ఇనిషియలైజ్ చేయని డేటా స్ట్రక్చర్. అందులోని అంకెల ఉపఫీల్డులు మొదట ఖాళీలతో నిండి ఉంటాయి కాబట్టి విలువ వేయకుండా స్క్రీన్‌కు పంపితే 907 వస్తుంది. మూడవది, లెవెల్ చెక్ (ఫైలు రూపం ప్రోగ్రాంకు తెలిసిన రూపంతో సరిపోతుందా అన్న తనిఖీ) వద్దని పెట్టిన ఫైలుకు కొత్త ఫీల్డ్ చేర్చి, పాత ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేయకపోవడం. ఫీల్డులన్నీ కొన్ని బైట్లు పక్కకు జరిగి చదవబడతాయి. లెవెల్ చెక్‌ను ఆపేయడం వల్ల తీరిన సమస్య కన్నా పుట్టిన సమస్యలే ఎక్కువని నా అభిప్రాయం.

సరిచేయడం

రికార్డును ముట్టుకునే ముందు, చెడ్డవని తేలిన రికార్డులను అలాగే వేరే లైబ్రరీలోకి కాపీ తీసి పెట్టుకోండి. రేపు ఆ డేటా పంపిన వారితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మీ దగ్గర ఉండే సాక్ష్యం అదే. అక్షరాల ఫీల్డ్‌ను ట్రాన్స్‌లేట్‌తో శుభ్రం చేసి అప్‌డేట్ చేయవచ్చు. పాడైన ప్యాక్డ్ ఫీల్డ్‌కు కొత్త విలువ వేసేటప్పుడు షరతులో ఆ ఫీల్డ్‌ను ప్రస్తావించకుండా ఆర్‌ఆర్‌ఎన్ మాత్రమే వాడండి. లేకపోతే అప్‌డేట్ కూడా అదే లోపంతో ఆగుతుంది. ఏ విలువ వేయాలన్నది మాత్రం మీ నిర్ణయం కాదు. బకాయి మొత్తం ఫీల్డ్‌లో సున్నా వేయడమంటే ఒకరి అప్పు రద్దు చేయడం, కాబట్టి అకౌంట్స్ వారి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రోగ్రాంలో, స్క్రీన్‌కు పంపే ముందు ఆర్‌పీజీలోని ఎక్స్‌లేట్ ఫంక్షన్‌తో 64 విలువలను ఖాళీలుగా మార్చే చిన్న ప్రొసీజర్ ఒకటి రాసి సర్వీస్ ప్రోగ్రాంలో పెట్టుకుంటే అన్ని స్క్రీన్‌లూ దాన్ని వాడుకోవచ్చు. అయితే పాత ప్రోగ్రామర్లు కొందరు వరుసకు రంగు రావాలని 22, 28 వంటి బైట్లను కావాలనే ఫీల్డ్ మొదట పెట్టి ఉంటారు. మీ ప్రొసీజర్ అలాంటి ఫీల్డుల మీద నడిస్తే రంగులు పోతాయి. డేటాబేస్ నుంచి వచ్చిన ఫీల్డులను మాత్రమే శుభ్రం చేయండి, రంగులను డిస్‌ప్లే ఫైలులోని డీఎస్‌పీఏటీఆర్ కీవర్డ్ ద్వారా ఇచ్చేలా మెల్లగా మార్చుకోండి.

అంకెల విషయంలో ఫిక్స్‌నంబర్ అనే కంపైల్ ఆప్షన్ ఉంది. అది చెల్లని జోన్డ్ (బైట్‌కు ఒకే అంకె), ప్యాక్డ్ విలువలను చదివేటప్పుడే చెల్లేవిగా మార్చేస్తుంది. రాత్రి రెండు గంటలకు గోడౌన్‌లో లారీలు ఆగి ఉన్నప్పుడు దాన్ని వాడడంలో తప్పు లేదు. శాశ్వతంగా వదిలేస్తే మాత్రం చెత్త మొత్తాలన్నీ నోరెత్తని సున్నాలై రిపోర్టుల్లోకి చేరతాయి. దానికన్నా ఆర్‌పీజీలోని మానిటర్, ఆన్ ఎర్రర్ ఆజ్ఞల మధ్య ఆ లెక్కను పెట్టి, 907 వచ్చినప్పుడు రికార్డు నంబరును ఒక లాగ్ ఫైలులో రాసి, స్క్రీన్ మీద యూజర్‌కు అర్థమయ్యే సందేశం చూపించడం మేలు.

ఏ దారిన వచ్చిందో కనుక్కోండి

ఫైలుకు జర్నల్ (మార్పులన్నీ నమోదయ్యే చిట్టా) ఉంటే ఇది కష్టం కాదు. ఆ రికార్డు నంబరుకు పీటీ (రికార్డు చేర్చడం), యూపీ (మార్చడం) రకం ఎంట్రీలను అడిగితే దాన్ని ఎప్పుడు, ఏ జాబ్, ఏ యూజర్, ఏ ప్రోగ్రాం రాసిందో వస్తుంది. అది రాత్రి పూట నడిచే ఇంపోర్ట్ జాబ్ అయితే శుభ్రపరిచే పని అక్కడికి తరలించాలి. వెబ్ సర్వీస్ అయితే ఆ టీం వారితో మాట్లాడి, 37 పట్టికలో లేని అక్షరాలను వారి ఫారం దగ్గరే ఆపించాలి. లేదా పేర్ల కోసం యూనికోడ్ కాలం ఒకటి వేరుగా పెట్టించాలి. దారులు మరీ ఎక్కువైతే ఫైలు మీదే ట్రిగ్గర్ గానీ చెక్ కన్‌స్ట్రెయింట్ గానీ పెట్టండి. లోడ్ జాబ్‌లు నెమ్మదిస్తాయని కొందరు అభ్యంతరం చెబుతారు. ఆ అభ్యంతరాన్ని టెస్ట్ బాక్స్‌లో కొలిచి చూశాకే ఒప్పుకోండి.

చివరగా, టెస్ట్ బాక్స్‌లో ఒక ఎక్సెల్ షీట్ తయారు చేసుకోండి: ఒక గడిలో ట్యాబ్, ఒకదానిలో రెండు వరుసల చిరునామా, ఒకదానిలో రూపాయి గుర్తు, ఒకదానిలో తెలుగు పేరు, అంకెలు ఉండాల్సిన చోట ఒక ఖాళీ గడి. దాన్ని అసలు డేటా వచ్చే దారిలోనే లోపలికి పంపి, ఆ తర్వాత మీ యూజర్లు వాడే ప్రతి ఎమ్యులేటర్ నుంచీ స్క్రీన్ తెరిచి చూడండి. సబ్‌ఫైల్ అయితే చివరి పేజీ వరకూ పేజ్ డౌన్ చేయండి. అన్నీ దాటాక టికెట్‌లో రికార్డు నంబర్లు, పాత హెక్స్ విలువలు, కొత్త విలువలు, అనుమతి ఇచ్చినవారి మెయిల్ జతచేసి మూసివేయండి.